మామ మెడలో నల్ల గీత

నిక్షేపంగా నడిచి తిరిగే సొంత మేనమామను పట్టపగలు బెంచీకి కట్టేసి, చంద్రపూర్ రోడ్ల మీద ఊరేగించిన మేనల్లుణ్ని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. ఎవరి ప్రాణమూ పోలేదు కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

అప్పుడే ఇంజినీరింగ్ పూర్తి చేశాను. ఉద్యోగం లేదు గానీ, ఉద్యోగం ఉన్నవాళ్ల కన్నా తీరిక లేకుండా ఉండేవాణ్ని. కారణం ఏమిటంటే, చివరి ఏడాది మసక ఫొటోలను స్పష్టంగా మార్చే ప్రాజెక్టు ఒకటి చేశాను. ఆ సంగతి చంద్రపూర్‌లో తెలుగువాళ్లుండే మా లాల్‌పేట్ అంతా పాకింది. ఎవరి పెళ్లి ఫొటో వెలిసిపోయినా, ఎవరి తాత ముఖం చెదిరిపోయినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. చిన్న బొమ్మను పెద్దది చేసి, అంచులకు పదును పెట్టి ఇచ్చేవాణ్ని. "తాత మీసం ఎంత మంచిగ కనబడుతుందో!" అని మురిసిపోయేవాళ్లు. ఆ తాతకు అసలు మీసం ఉండేదా అని అడగాలన్న బుద్ధి నాకెప్పుడూ పుట్టలేదు.

యాకోబు మామ మా అమ్మకు తమ్ముడు. బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. భూమి లోపల అంతకాలం ఉండి వచ్చిన మనిషి కదా, భూమి మీద దేనికీ భయపడడు, మా అత్తకు తప్ప. ఆ మధ్య ఆయనకు మెడ పట్టేసింది. కుడిచెయ్యి కాస్త తిమ్మిరెక్కుతోందని అంటే డాక్టరమ్మ ఎంఆర్ఐ తీయించమంది. ఊళ్లోనే తుకుం వైపు ఒక స్కాన్ సెంటర్లో తీశారు. రిపోర్టు సోమవారం ఇస్తామన్నారు గానీ, బొమ్మల సీడీ మాత్రం శనివారమే చేతికిచ్చారు. నా దురదృష్టం అక్కడే మొదలైంది. మామ దురదృష్టం మాత్రం నేను పుట్టినప్పుడే మొదలైంది.

సీడీని లాప్‌టాప్‌లో పెట్టి వాళ్లింట్లో టీవీకి కలిపాను. మామ కుర్చీలో చాయ్ తాగుతున్నాడు. అత్త వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడింది. తెర మీద మామ మెడ ప్రత్యక్షమైంది. ఎముకలు ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇటుకల్లా ఉన్నాయి. వాటి వెనక తెల్లటి నీళ్ల మధ్య బూడిదరంగు తాడులా వెన్నుపాము కిందికి దిగుతోంది. అయితే చిన్న బొమ్మను అంత పెద్ద టీవీ మీద చూస్తే ఏమవుతుంది? అంతా గళ్లు గళ్లుగా, గళ్ల లుంగీ ఆరేసినట్టుంది.

"ఏందిరా గిది? నా మెడనా, అంగడిల కొన్న దుప్పటా?" అన్నాడు మామ.

"ఫికర్ చెయ్యకు మామ. ఇంటర్‌పోలేషన్ చేస్త," అన్నాను కాలర్ సర్దుకుంటూ.

"గదేంది? మందా?"

"కాదు మామ. బొమ్మంత చుక్కలే కదా. ఈ చుక్కకూ ఆ చుక్కకూ నడుమ ఇంకిన్ని చుక్కలు పెడ్తది కంప్యూటర్. అప్పుడు బొమ్మ పెద్దగైతది, నున్నగైతది."

"నడుమ ఏమున్నదో దానికెట్ల ఎరుక? అదేమన్న నా మెడల దూరి చూసిందా?"

"అంచనా వేస్తది."

"అంచనానా?" మామ చాయ్ గ్లాసు దించాడు. "గనిల గిట్లనే అంచనా వేసి పేలుడు పెడ్తే ఏమైతదో తెల్సా అల్లుడా?"

చదువుకున్నవాణ్ని కదా, ఆ మాట నా చెవిలోకి వెళ్లనే లేదు. బొమ్మను పెద్దది చేశాను. నున్నగా అయింది గానీ, వెన్న రాసినట్టు మెత్తబడిపోయింది. పదును పెట్టాను. బాగుంది. బాగున్నదాన్ని బాగున్నట్టే వదిలేస్తే నేను నేనెందుకవుతాను? మళ్లీ పెద్దది చేశాను, మళ్లీ పదును పెట్టాను. కూరలో ఉప్పు తక్కువైందని వేస్తూ వేస్తూ సీసా బోర్లించినట్టు, ఆ పదును మీటను చివరిదాకా జరిపేశాను.

అప్పుడు కనిపించింది.

వెన్నుపాము మధ్యలో పైనుంచి కిందిదాకా నిట్టనిలువుగా ఒక నల్లటి గీత. స్కేలు పెట్టి గీసినట్టుంది. అంతకుముందు లేదు, ఇప్పుడుంది. వెంటనే ఫోన్ తీసి, వెన్నుపాములో గీత కనిపిస్తే ఏమిటని ఇంటర్నెట్‌ని అడిగాను. వెన్నుపాము లోపల సొరంగంలా ఏర్పడి నీరు చేరుతుందట. చేతులు చచ్చుబడొచ్చట, కాళ్లూ పడిపోవచ్చట. ఇంటర్నెట్‌కు పరామర్శించడం రాదు, ఉన్నది ఉన్నట్టు మొహాన కొట్టింది.

అప్పుడే మామ గ్లాసు కింద పెట్టడానికి వంగుతున్నాడు.

"కదలకు మామా!" అని అరిచాను.

మామ వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. అత్త చేతిలో గరిటె జారి పడింది.

"ఏమైందిరా?"

"నీ వెన్నుపాముల సొరంగం ఉన్నది మామ!"

"సొరంగమా? రిటైరై ఇంటికొస్తే, అది నా వెంబడే వచ్చిందా?"

అత్త తెర దగ్గరికి వచ్చి ఆ గీతను వేలితో తడిమి చూసింది. టీవీ మీద మరకేమో అని కొంగుతో తుడిచింది. పోలేదు. అంతే, "యేసయ్యా!" అని ఆమె పెట్టిన కేకకు పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, వాళ్ల వెనకే మా పాస్టరయ్య వచ్చేశారు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే కాసేపు పడుతుందన్నారు. అంతసేపు ఆగితే మామ ఏమైపోతాడో అని నా భయం. మెడ కదలకూడదు కాబట్టి అట్టపెట్టె చింపి మెడ చుట్టూ పెట్టి తువ్వాలు చుట్టాను. పడుకోబెట్టడానికి గట్టిచెక్క కావాలంటే పాస్టరయ్య చర్చి బెంచీ తెప్పించారు. అత్త చీరలతో మామను బెంచీకి కట్టేశాం. వీధి చివర ఉండే సామాను ఆటోలోకి ఎక్కించాం.

"పొద్దుగాల సైకిల్ తొక్కి కూరగాయలు తెచ్చిన గదరా!" అన్నాడు మామ బెంచీ మీద నుంచి.

"గదే నీ అదృష్టం మామ. మాట్లాడకు, మెడ కదులుతది."

పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టారు. మంచి ప్రార్థనే గానీ పరలోకం ద్వారాలు, నిత్య విశ్రాంతి ఎక్కువగా దొర్లాయి. మామ కళ్లు తెరిచి, "అయ్యా, జర ఇటుపక్క లోకానికి సంబంధించినవి కూడ అడగుండ్రి. నేను ఇంక పోలే," అన్నాడు.

బండి కదిలింది. మండే ఎండ. మామ మొహం మీద అత్త గొడుగు పట్టింది. బొగ్గు లారీలు తిరిగే దారి కదా, గుంత వచ్చినప్పుడల్లా బెంచీ ఒక అడుగు ఎగిరి పడుతోంది. పడ్డప్పుడల్లా మామ "అమ్మా" అంటున్నాడు. అన్నప్పుడల్లా, "చూసిన్రా, నొప్పి పెరుగుతుంది!" అని నేను డ్రైవర్‌ను ఇంకా వేగంగా పొమ్మంటున్నాను. ఒక మూలమలుపు దగ్గర మామతో పాటు గనిలో పనిచేసిన పెద్దాయన ఒకరు ఎదురొచ్చారు. బెంచీ మీద మనిషిని, పక్కన ఏడుస్తున్న అత్తను, బైబిలుతో పాస్టరయ్యను చూసి చెప్పులు విడిచి చేతులు జోడించారు.

"అయ్యో యాకోబూ! నిన్ననే గదరా నాతోని మాట్లాడినవు!"

"ఇయ్యాల గూడ మాట్లాడుత. జర పక్కకు జరుగు, బండి పోవాలె," అంది బెంచీ.

ఆ పెద్దాయన అదిరిపడి రోడ్డు పక్కన కూలబడ్డారు. నవ్వాల్సిన సంగతే గానీ మాలో ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే కాస్త దూరం పోయాక మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"అల్లుడా, నాకు కాళ్లు చేతులు పోతే మీ అత్తను మంచిగ చూసుకో. ఆమెకు బీపీ గోలీ యాది ఉండదు. నువ్వే ఇయ్యాలె."

అంత మనిషి గొంతు వణకడం నేను వినడం అదే మొదటిసారి. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నన్ను చూసి అత్త, అత్తను చూసి పాస్టరయ్య, ఆఖరికి అద్దంలో మమ్మల్ని చూసి డ్రైవరూ ఏడ్చారు.

ఆసుపత్రిలో బెంచీతో సహా లోపలికి దూసుకుపోయాం. డాక్టరమ్మ మరాఠీ మనిషి. "కాయ్ ఝాలం?" అంటూ లేచి నిలబడింది. ఏమైందో నోటితో చెప్పలేక లాప్‌టాప్ తెరిచి గీత చూపించాను. ఆమె మొహంలో రంగు మారింది. గబగబా మామ దగ్గరికి వెళ్లి తన చెయ్యి గట్టిగా పిసకమంది. మామ పిసికాడు. ఆమె "ఆయీ గం!" అని అరిచి చెయ్యి లాగేసుకుంది. కాళ్లు ఎత్తమంది. మామ ఎత్తాడు, బెంచీ కూడా లేచింది.

ఆమె ఒకసారి మామను, ఒకసారి బొమ్మను చూసి, "అసలు సీడీ ఏది?" అని అడిగింది. తన కంప్యూటర్లో పెట్టుకుని ఒక్కొక్క బొమ్మా చూసింది. ఎక్కడా గీత లేదు. మెల్లగా నా వైపు తిరిగింది.

"ఈ గీత ఎక్కణ్నుంచి వచ్చింది?"

"క్లియర్ చేస్తే బయటపడింది మేడం."

"బయటపడలేదు. నువ్వు పెట్టావు." ఆ మరాఠీ నాకు తెలుగులో కన్నా బాగా అర్థమైంది. "తెలుపూ నలుపూ కలిసే అంచుల దగ్గర, నీళ్లలో రాయి పడ్డట్టు సన్నటి అలలు ఉంటాయి. మామూలుగా అవి కంటికి ఆనవు. నువ్వు పెంచి పెంచి ఆ అలను గీత చేశావు. స్కాన్‌లో లేని సమాచారం పెద్దది చేసినంత మాత్రాన పుట్టదు. ఖాళీ చోట కంప్యూటర్ తన అంచనా నింపుతుంది, అంతే."

నాకు నమ్మకం కుదరలేదు. సిగ్గు లేకుండా వాదించాను కూడా. అప్పుడామె తన సొంత మెడ పాత స్కాన్ ఒకటి కంప్యూటర్లో తెరిచి, "దీనికీ అలాగే చెయ్యి," అంది. చేశాను. పెద్దది చేసి, పదును పెట్టి, మళ్లీ పెద్దది చేసి, మళ్లీ పదును పెట్టాను. డాక్టరమ్మ వెన్నుపాములోనూ నిట్టనిలువుగా నల్లటి గీత!

"అయితే నేనూ బెంచీ ఎక్కాలా?" అందామె.

అత్త మెల్లగా అడిగింది, "అంటే, మా ఆయనకు ఏం లేదా?"

"వయసుకు తగ్గ అరుగుదల ఉంది. మెడకు వ్యాయామం చెబుతాను, చాలు."

అత్త బెంచీ పక్కనే కూలబడి మామ పాదాలు పట్టుకుని ఏడ్చింది. మామ మాత్రం కట్లు విప్పుతున్న నన్నే చూస్తున్నాడు.

"అల్లుడా, ఖాళీ ఉన్నకాడ నింపుడే కదా నీ ఇద్య?"

"అవును మామ."

"నీ ఈ చెవికీ ఆ చెవికీ నడుమ చాన జాగ ఖాళీ ఉన్నది. ముందుగాల అది నింపు."

అని ఠీవిగా లేవబోయాడు. లేవలేకపోయాడు. ఆ గుంతల్లో బెంచీ మీద ఎగిరెగిరి పడి మామ నడుము నిజంగానే పట్టేసింది. మెడ నొప్పితోనే సైకిల్ తొక్కుకునే మనిషికి నేను కొత్తగా నడుము నొప్పి సంపాదించి పెట్టాను. డాక్టరమ్మ పరీక్షించి, కండరం పట్టేసిందని మాత్రలు రాసింది.

"తగ్గకపోతే నడుముకు కూడా స్కాన్ తీద్దాం," అంది నన్ను చూపిస్తూ. "కానీ సీడీ నేరుగా నాకే పంపమని చెబుతాను. ఈ అబ్బాయి ఉన్న ఇంటికి వెళ్లకూడదు."

నడుము నొప్పి తగ్గేదాకా వేడినీళ్ల సంచీ పట్టుకుని మామ మంచం పక్కన కూర్చున్నది నేనే. సంచీ మార్చినప్పుడల్లా ఆయన, "ఇది నీళ్లేనా, అంచనానా?" అని అడిగేవాడు.

కాబట్టి తెలుగు పాఠకులందరి సాక్షిగా, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. మసకగా ఉన్నదాన్ని మసకగానే గౌరవిస్తాను. మనుషుల లోపలి బొమ్మల జోలికి ఈ జన్మలో పోను. మెడలో గానీ, నడుములో గానీ, మోకాలిలో గానీ దేవుడు గీయని గీతను నా చేత్తో గీయను. గీస్తే, మామకు బదులు నన్నే ఆ బెంచీకి కట్టేసి, బొగ్గు లారీల దారిలో అటూ ఇటూ తిప్పండి. గొడుగు కూడా పట్టనక్కర్లేదు.