పల్లంలో నిలబడిపోయిన కారు

మా కారును అమ్మెయ్యాలని ఇంట్లో తీర్మానం జరిగినప్పుడు నేను ఇంట్లో లేను. అంచెట్టి దారిలో ఒక కొండ మలుపు దగ్గర, రెండో గేరులో కూడా ఎక్కలేక మొరాయించిన ఆ కారులోనే కూర్చుని ఉన్నాను.

నాకు హోసూరులో టైలరింగ్ షాపు ఉంది. వారానికొకసారి అంచెట్టి అవతల ఒక పల్లెకు వెళ్ళి ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టడం నేర్పుతాను. ఆ రోజు సగం దారి నుంచే వెనక్కి తిరగాల్సి వచ్చింది. ఇల్లు చేరేసరికి మా తమ్ముడు మురళి కృష్ణగిరిలో పాత కార్లు కొనే యార్డుతో ఫోన్లో మాట్లాడేసి ఉన్నాడు. శనివారం తీసుకొస్తామని మాట కూడా ఇచ్చాడు.

ఆ కారు నాకు ఏమిటో చెప్పాలి. చిన్నప్పుడే పోలియో వచ్చి నా కుడికాలు చచ్చుబడింది. కాలికి ఇనుప కడ్డీల క్యాలిపర్ వేసుకుని, చంకకర్రతో నడుస్తాను. బస్సు మెట్టు నాకు నడుమెత్తు గోడ. ఎక్కాలంటే ఎవరో ఒకరు రెక్క పట్టుకుని లాగాలి. అందుకే సంపాదన మొదలయ్యాక ఒక సెకండ్ హ్యాండ్ కారు కొని, స్టీరింగు కింద చేతిమీట పెట్టించుకున్నాను. మీటను ముందుకు తోస్తే బ్రేకు, వెనక్కి లాగితే యాక్సిలరేటరు. క్లచ్చుకు నా ఎడమకాలు చాలు. అప్పటినుంచి నన్ను ఎవరూ రెక్క పట్టుకుని లాగలేదు.

వానలు పోయినప్పటినుంచి ఆ కారుకు జబ్బు చేసింది. పెట్రోలు ఎంత పోసినా చాలదు. ఎత్తు కనిపిస్తే ఏడుస్తుంది. హోసూరులో రెండు వర్క్‌షాపుల్లో చూపించాను, వానల్లో వదులైన మీటను బిగించిన సంగతీ చెప్పాను. ప్లగ్గులు మార్చారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, పెట్రోలు ఫిల్టర్ మార్చారు. వీధి చివరిదాకా ఒక చుట్టు తిప్పి, బాగుందని చేతికిచ్చారు. బాగవలేదని మళ్ళీ వెళితే, ఇంజను అరిగిపోయింది, బండి వయసైపోయింది అన్నారు. మురళి ఒక వాహనాల ఫ్యాక్టరీలో ఇంజన్లు బిగించే లైనులో పని చేస్తాడు. వాడూ అదే మాట అన్నాడు. ఎక్కడికి పోవాలన్నా తాను దింపుతానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కాని వాడి షిఫ్టు, వాడి ఆదివారం, వాడి తీరిక చూసుకుని బతకడం నాకు ఇష్టం లేదు.

కృష్ణగిరికి వస్తానన్నాను. కాని నేనే నడుపుతాను, హైవేలో కాదు, రాయకోట మీదుగా వెళ్దాం అన్నాను. చుట్టు దారి ఎందుకని మురళి విసుక్కున్నాడు. ఇంతవరకు ఈ కారు బాధ ఏమిటో తెలుసుకోవాలని దాంతోపాటు ముప్పై కిలోమీటర్లు ప్రయాణం చేసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ పని నేను చెయ్యాలనుకున్నాను. అది వాడికి చెప్పలేదు.

పొద్దున ఏడు దాటాక బయల్దేరాం. కంపెనీ బస్సులూ షేర్ ఆటోలూ రోడ్డంతా నింపేసి ఉన్నాయి. వాటి సందుల్లోంచి కారు హాయిగా దూరింది. ఊరు దాటేదాకా దానికి ఏ జబ్బూ లేదు. మీటను కొంచెం లాగితే చాలు, చెప్పినట్టు వింది. ఎండ ఇంకా ముదరలేదు. రోడ్డుకు రెండువైపులా పందిళ్ళ మీద చిక్కుడు, తెల్లటి ప్లాస్టిక్ కప్పిన పాలీహౌసుల్లో గులాబీలు. కెలమంగలం దగ్గరపడేసరికి బండి బరువెక్కింది. మీటను ఇంకా ఇంకా లాగాల్సి వస్తోంది. ఎవరో వెనకనుంచి కొంగు పట్టుకుని లాగుతున్నట్టు ఉంది.

"అరిగిపోయిన ఇంజను పొద్దున మాత్రం అరక్కుండా ఉంటాదా?" అన్నాను మురళితో. "బయల్దేరినప్పుడు బాగానే లాగింది గదరా."

వేడెక్కితే పాత ఇంజన్లు అంతేనని వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. రోజూ కొత్త ఇంజన్లు చూసేవాడికి పాతది ఏదైనా చచ్చినట్టే కనిపిస్తుంది కాబోలు అనుకున్నాను.

తొమ్మిది కాకముందే రాయకోట చేరాం. కొండ మీద కోట గోడలు పొగమంచులోంచి అప్పుడే బయటపడుతున్నాయి. బస్టాండు దగ్గర టీకొట్టు ముందు కారు ఆపాను. మురళి ఇడ్లీ పొట్లాలు కారు దగ్గరికే తెచ్చాడు. ఇడ్లీ వేడిగా, చట్నీ కారంగా ఉంది. రెండో ఇడ్లీ తింటుండగా మా వెనకే ఒక మోపెడ్ ఆగింది. ముందూ వెనకా బంతిపూల మూటలు కట్టుకుని, నా వయసే ఉన్న ఒకామె దిగి నేరుగా నా కిటికీ దగ్గరికి వచ్చింది. ముఖం చూస్తేనే తగాదాకు వచ్చిందని తెలుస్తోంది.

"ఏమ్మా, కెలమంగలం నుంచి నీ ఎనకాలే వస్తా ఉండాను. అంతదూరమూ నీ బ్రేకు లైటు ఎలగతానే ఉండాది. యాడ నిలిపేస్తావో తెలీక నా పానం చేతిలో పెట్టుకోని వచ్చినాను."

"నేను బ్రేకే ముట్టలేదమ్మా," అన్నాను.

"ముట్టకుంటే లైటెట్లా ఎలిగింది?"

 ఆమె నా చేతిమీటను చూసింది, సీటు పక్కన చంకకర్రను చూసింది. గొంతు కాస్త తగ్గించి, చూసి పొమ్మని చెప్పి, పూలు దించడానికి వెళ్ళిపోయింది. ఆమె మోపెడ్ కెలమంగలం నుంచి మా కారు వెనకాలే రాగలిగిందంటే మేమెంత నెమ్మదిగా వచ్చామో నాకు అప్పుడు తెలిసింది. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం ఇడ్లీలాగా మింగుడుపడలేదు.

రాయకోట దాటాక రోడ్డు కృష్ణగిరి వైపు దిగుతూ పోతుంది. ఊరు దాటి కొంతదూరం పోయాక బాగా వాలుగా ఉన్న పల్లం ఒకటి వచ్చింది. కారును పక్కకు తీసి ఇంజను ఆపేశాను. గేరు తీసేశాను. మీట మీదనుంచి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాను.

కారు కదల్లేదు. ముక్కు కిందికి పెట్టుకుని, పల్లం చూస్తూ, అలాగే నిలబడింది.

హ్యాండ్ బ్రేకు చూశావా అని మురళి అడిగాడు. వాడే వంగి చూశాడు. అది దించే ఉంది. దిగి వెనకనుంచి తోశాడు. జానెడు కదిలి ఆగింది. ముందు చక్రం దగ్గరికి పోయి చెయ్యి పెట్టబోయి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. మాడిన వాసన నా దాకా వచ్చింది. ఇన్ని నెలలుగా ఇంజను లాగుతున్నది నన్నూ కారునూ మాత్రమే కాదు, తన కాళ్ళనే పట్టుకున్న బ్రేకులను కూడా. అది తెలిసినప్పుడు నాకు ముందు కోపం వచ్చింది, ఆ తర్వాతే సంతోషం వచ్చింది.

మురళి అంత సులభంగా ఒప్పుకోలేదు. "సరే, బ్రేకు పట్టతా ఉండాది. అంతమాత్రాన ఇంజను బాగుందని యాడుంది?"

"చెడిపోయిందని మాత్రం యాడుందిరా?" అన్నాను.

హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలు చల్లబడేదాకా ఒక చింతచెట్టు నీడలో ఉండిపోయాం. మామిడితోటలో మందు కొడుతున్న మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు. చక్రాలు చల్లబడ్డాయని వాడే వచ్చి చెప్పాడు. మళ్ళీ కారులో కూర్చుని హ్యాండ్ బ్రేకు దించాను. ఇంజను ఆపే ఉంది. కారు తనంతట తాను మెల్లగా పల్లంలోకి జారింది. మురళి పక్కనే నడుస్తూ, తర్వాత పరుగెత్తుతూ వచ్చి ఎక్కాడు. యార్డుకు మాటిచ్చేశాం, అమ్మే బండిని బాగుచెయ్యడం దండగ కదా అని మాత్రం గొణిగాడు.

కృష్ణగిరిలో ఎండ అదరగొడుతోంది. హోసూరు చల్లదనానికి అలవాటైన ఒళ్ళు ఒక్కసారిగా చెమటపట్టింది. అప్పటికి కారు మళ్ళీ బరువెక్కింది. యార్డు ఊరి అంచున ఉంది. యజమాని యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, మాటకు ముందు తమిళం, వెనక తెలుగు. కారెక్కి యార్డు చుట్టూ తిప్పి వచ్చి, ఇంజనులో దమ్ము లేదని, పాత ఇనుము కింద తూకానికి కొనాల్సిందేనని మురళితో చెప్పాడు. నాతో కాదు, మురళితో. నేను చంకకర్ర మీద వాళ్ళ ఎదురుగానే నిలబడి ఉన్నాను.

"బండి నాదప్పా. నాతో మాట్లాడు," అన్నాను. "జాకీ ఉందా?"

"జాకీ ఏంటికమ్మా?"

"ముందు చక్రం ఎత్తు. చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగిందనుకో, ఇనుము ధరకే ఈ బండి నీకిచ్చేసి పోతా. మాట తప్పను."

మురళి నా వైపు భయంగా చూశాడు. నాకూ భయం వేసింది. దారిలో చల్లబడినట్టు ఇక్కడా చల్లబడి ఉంటే ఆ మాటతో కారు పోయినట్టే. కాని అన్న మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. యజమాని నవ్వి జాకీ తెప్పించి చక్రం ఎత్తించాడు. తానే రెండు చేతులతో టైరు పట్టుకుని తిప్పాడు. రాలేదు. చొక్కా చేతులు మడిచి మళ్ళీ తిప్పాడు. చర్రుమని గీరుకుంటూ కొంచెం కదిలి ఆగింది.

అప్పుడు మురళి, నేను చెప్పకుండానే, స్టీరింగు కింద వెల్లకిలా దూరి ఫోను లైటు వేశాడు.  ఆ తర్వాత లోపలినుంచే పిలిచాడు.

"అక్కా, వానాకాలంలో మీట వదులైందని బిగించినారు గదా. శానా బిగించేసినారు. మీట కడ్డీ బ్రేకు పెడలును పైకి రానియ్యడంలేదు. నువ్వు ముట్టకున్నా బ్రేకు కొంచెం తొక్కినట్టే ఉండాది, వేడెక్కేకొద్దీ ఇంకా గట్టిగా పట్టతా ఉండాది."

మీట బిగించిన తర్వాతే ఈ జబ్బు మొదలైందని నేను రెండు వర్క్‌షాపుల్లోనూ చెప్పాను. ఆడమనిషి కుట్టుమిషను సంగతి చెబుతున్నట్టు విని, బానెట్టు ఎత్తారు.

మురళి స్పానరు అడిగి తీసుకుని నట్టు వదులు చేశాడు. పెడలు టక్కుమని పైకి లేచింది. వెనక బ్రేకు లైటు ఆరిపోయింది. యజమాని ఒక్క చేత్తో చక్రాన్ని తోశాడు. అది తిరిగి, తిరిగి, ఇంకా తిరుగుతూనే ఉంది.  చక్రం ఆగాక ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని, ఈసారి నాతోనే, ఇంతకుముందు చెప్పినదానికి ఎన్నో రెట్లు ధర చెప్పాడు. అమ్మేది లేదన్నాను. ఇంకొంచెం పెంచాడు. ఎంత పెంచినా అంతే అన్నాను. అప్పుడాయన నవ్వుతూ పక్క వర్క్‌షాపు చూపించాడు. బ్రేకు ప్యాడ్లు మాడి గాజులాగా మెరుస్తుంటాయి, వాటితో కొండ దిగొద్దు, ఎక్కొద్దు అన్నాడు. ఆ సలహా విన్నాను. నాలుగు చక్రాలూ విప్పించి, పాడైనవన్నీ మార్పించాను.

ఆ పని జరిగేంతలో భోజనానికి పోయాం. మెస్సుకు ఎత్తయిన మెట్లు. మురళి నా రెక్క పట్టుకోబోయి ఆగి, ఎక్కుతావా, పొట్లం తేవాలా అని అడిగాడు. ఎక్కుతానన్నాను. టైం పట్టింది. లోపల రసం చాలా బాగుంది, రెండుసార్లు పోయించుకున్నాను. చెయ్యి కడుక్కుని, అంచెట్టి వైపు పల్లెలో నా దగ్గర నేర్చుకునే రత్నమ్మకు ఫోన్ చేసి, వచ్చే వారం క్లాసు ఉంటుంది, గుడ్డలు కత్తిరించి పెట్టుకోమని చెప్పాను.

తిరుగు ప్రయాణం హైవే మీద. కృష్ణగిరి నుంచి హోసూరుకు దారంతా ఎత్తే. పగలు ముగుస్తుండగా మేలుమలై ఎత్తు వచ్చింది. ఇనుప చుట్టలు మోస్తున్న లారీలు ఎడమవైపు మూలుగుతూ పాకుతున్నాయి. మీటను లాగాను. మూడో గేరులోనే కారు ఒక లారీని దాటింది, ఇంకో లారీని దాటింది. చేతికింద ఆ మీట మళ్ళీ నా కాలులాగా ఉంది. మురళి డాష్‌బోర్డు పట్టుకుని కూర్చున్నాడు.

"మెల్లగా పోక్కా," అన్నాడు. ఈ కారులో వాడు ఆ మాట అని ఎన్నాళ్ళయిందో.

ఈ దారుల్లో పాత బండితో తిరిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. మైలేజి పడిపోయి, బలం తగ్గితే వెంటనే ఇంజను విప్పనియ్యకండి. కొంతదూరం నడిపి, ఒక పల్లంలో గేరు తీసి నిలబెట్టి, అది జారుతుందో లేదో చూడండి. దిగి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వయసైపోయిందన్న మాట చెప్పడానికి ఎవరికీ ఏ శ్రమా అక్కర్లేదు. బండికైనా, మనిషికైనా. ఆ మాట చెప్పేవాళ్ళను ముందు చక్రం ఎత్తి చూపించమనండి.

శూలగిరి దాటి, హోసూరు దీపాలు కనిపిస్తుండగా పెట్రోలు బంకులోకి తిప్పాను. ట్యాంకు నింపమని చెప్పాను.

"అంతా ఎందుక్కా?" అన్నాడు మురళి.

"నేను పోవాల్సిన ఊర్లు శానా ఉండాయిరా," అన్నాను.