ముగ్గు మింగిన గ్యారేజీ నేల

మా చిన్నప్పుడు, ఇంటికి కారు రాకముందే కారు నిలబడే నేల వచ్చింది... ట్రాలీ ఆటోలో, తాళ్లతో కట్టి, పెళ్లికూతురి సారెలాగా.

చిట్కుల్‌లో మా ఇల్లు. నాన్న ఇస్నాపూర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజర్. సెకండ్ హ్యాండ్ కారు ఒకటి మాట్లాడుకున్నారు. దాని కోసం గడప నుంచి గేటు దాకా వాకిలంతా రేకులు వేయించి, "గ్యారేజీ" అని నామకరణం చేశారు. ఆ రోజు నుంచి దాన్ని వాకిలి అన్న ప్రతి మనిషినీ ఆయన ఓపికగా సరిదిద్దేవారు.

కింద గరుకు సిమెంటు... ఊడ్చిన కొద్దీ దుమ్ము. అందుకని ఇంటర్‌లాకింగ్ టైల్స్ వేయాలని తీర్మానించారు. ప్లాస్టిక్ పలకలు. ఒకదాని అంచు కొక్కేలు ఇంకోదాని కన్నాల్లో పెట్టి నొక్కితే టక్కుమని అతుక్కుంటాయి. మేస్త్రీ అక్కర్లేదు.

పటాన్‌చెరు దుకాణంలో ఆ ఎంపిక పెళ్లిచూపుల స్థాయిలో జరిగింది. నాన్న ఒక్కో పలకను వంచి చూశారు, వాసన చూశారు, నన్ను దాని మీద ఎగరమన్నారు. నున్నటివి ఒక రకం, జల్లెడలాగా సందులున్నవి ఇంకో రకం. కారు కడిగిన నీళ్లు సందుల్లోంచి కిందికి పోతాయని దుకాణం ఆయన చెప్పాడు. నాన్న జల్లెడకే ఓటేశారు. ఒక గడి ఎరుపు, ఒక గడి బూడిద రంగు. అమ్మను అడగడం అనే ఘట్టం ఈ చరిత్రలో ఎక్కడా లేదు...

ఆదివారం అందరం మోకాళ్ల మీద పాకుతూ మేమే పరిచాం. నిజం చెప్పాలంటే అంత అందమైన నేల మా ఇంట్లో ఎవరూ చూడలేదు. నాన్న చెప్పులు గేటు బయట విడిచి లోపలికి వచ్చారు.

తెల్లారి అమ్మ సానుపు నీళ్లు చల్లి, ముగ్గు డబ్బాతో గడప ముందు కూర్చుంది. చుక్కలు పెట్టింది... చుక్కలు లేవు. గీత గీసింది... గీత లేదు. బియ్యపు పిండి అంతా సందుల్లోంచి పాతాళానికి పోయింది. అక్కడ చీమలకు విందు మొదలైంది.

గేటు బయట వేసుకోమన్నారు నాన్న. బయట షిఫ్టు బస్సులు తిరిగే రోడ్డు. బస్సు టైర్లకు ముగ్గు వేయాలా అని అడిగింది అమ్మ. పెళ్లై వచ్చిన నాటి నుంచి ఒక్క పొద్దు కూడా తప్పని ముగ్గు అది. నాన్న మాత్రం పరిచిన నేలను కదిలించేది లేదన్నారు.

"నీ గ్యారేజీ ఉంటదా, నా వాకిలి ఉంటదా... తేల్చుకున్నంక చెప్పు," అని అమ్మ డబ్బా మూత పెట్టేసింది.

అప్పుడు బాపమ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, ఇంట్లో లేదు. దగ్గుతో కొంచెం నీరసించి, లక్డారంలో మా మేనత్త ఇంటికి వెళ్లింది. ఉండి ఉంటే సమస్య ఆ పూటే తేలేది...

కొన్ని రోజులు అట్లాగే గడిచాయి. ఒక మధ్యాహ్నం పక్కింటి లచ్చవ్వ గిన్నె నిండా అన్నం, పప్పు పంపింది. వెనుక ఇంటి నుంచి చారు వచ్చింది. ఎందుకో అమ్మ ఆలోచించేలోపే మేము తినేశాం. కాసేపటికి ఆడవాళ్లు తలల మీద కొంగులు కప్పుకొని వచ్చి ఎర్రగడుల మీద కూర్చున్నారు.

మా దగ్గర ఎవరైనా పోతే ఆ ఇంటి ముందు ముగ్గు పడదు, పొయ్యి వెలగదు. ఇరుగుపొరుగే అన్నం తెస్తారు. వాకిట్లో ముగ్గు లేదు, బాపమ్మ దగ్గుతో వెళ్లి తిరిగి రాలేదు, అమ్మ మొహం అలకతో వాడిపోయి ఉంది... సాక్ష్యాలన్నీ సరిపోయాయి.

"గింత జల్దీ పోతదనుకోలేదు బిడ్డా. అన్నీ లక్డారంలనే చేసిండ్రా? మాకొక్క మాటన్నా చెప్పకపోతిరి," అంటూ లచ్చవ్వ ఏడుపు అందుకుంది.

"ఎవరి సంగతి చిన్నత్తా?" అంది అమ్మ అయోమయంగా.

సరిగ్గా అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. సంచి పట్టుకొని బాపమ్మ దిగింది. ఏడుపులు విని అక్కడే కొయ్యబారిపోయింది. ఆమె కళ్లు ముందు మమ్మల్ని వెతికాయి, తర్వాత నాన్న కోసం లోపలికి చూశాయి.

"ఎవరే... ఎవరు పోయిండ్రు?"

లచ్చవ్వే మెల్లగా కొంగు దించి, "నువ్వే అక్కా," అంది.

బాపమ్మ గట్టిగా ఊపిరి వదిలింది.

"గట్లనా... మరి నన్ను పిలువకపోతిరి."

ఆ రోజు మా గ్యారేజీలో నవ్విన నవ్వుకు రేకులు అదిరాయి. కానీ జరిగిందంతా విన్నాక బాపమ్మ నవ్వలేదు. సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి రాగానే దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నన్ను సంపితే సంపినవ్ గని కొడుకా... ఇంట్ల మనుషులున్నరని నలుగురికి ఎట్ల తెల్వాలె?"

నాన్న లేచి స్క్రూడ్రైవర్ తెచ్చి, గడప ముందున్న పలకలను ఒక్కొక్కటిగా లేపారు. అతుక్కున్నంత తేలిగ్గానే విడిపోయాయి. మర్నాడు అమ్మ ఆ సిమెంటు ముక్క మీద వేసిన పద్మం ఇల్లంతటికీ సరిపోయేలా ఉంది...

తర్వాత కారు వచ్చింది. ముగ్గు తొక్కకుండా ఆపితే దాని తోక గేటు బయటే ఉండిపోయేది. అందుకని మా గేటు ఎన్నడూ పూర్తిగా మూసుకోలేదు. కుక్కలు, కోళ్లు, లచ్చవ్వ... అందరూ ఆ సందులోంచే వచ్చిపోయేవాళ్లు. నాన్న ఒక్క రోజు కూడా విసుక్కోలేదు.

ఇప్పుడు బాపమ్మతో సహా అందరం అమీన్‌పూర్‌లో అపార్ట్‌మెంట్‌కు వచ్చాం. కారు తోకతో సహా సెల్లార్‌లో పడుతుంది. మొన్న ఇంటిల్లిపాదికీ జ్వరాలొచ్చి చాలా రోజులు తలుపు తీయలేదు, గడప ముందు ముగ్గూ పడలేదు. పక్క ఫ్లాట్ వాళ్లు మంచివాళ్లే, లిఫ్టులో నవ్వుతారు. ఎవరూ తలుపు తట్టలేదు...

బతికుండగానే మన కోసం తప్పుగా ఏడ్చే ఇరుగుపొరుగు ఉండటం ఎంత అదృష్టమో అప్పుడు అర్థమైంది.

మీ ఇంటి ముందు ఏది కనిపించకపోతే వాడకట్టంతా పరేషాన్ అయ్యేది? కింద చెప్పండి... కూర్చొని చదువుకుంటాం.