జారుడుబల్ల పరీక్ష

మార్కాపురం పార్కుకు రోజూ సాయంత్రం కూతురితో వచ్చే ఫిజిక్సు లెక్చరర్ కాశిరెడ్డి ముందుగా ఉయ్యాల గొలుసులు లాగి చూస్తాడు, తర్వాత జారుడుబల్లను తడిగుడ్డతో తుడుస్తాడు. ఈ పరీక్షలు ముగిసేసరికి చీకటి పడుతుంది కాబట్టి మూడేళ్ల హాసిని నిన్నటివరకు ఒక్కసారీ జారలేదు. నిన్న బల్ల గట్టిదనం చూద్దామని తానే జారబోయి, తడికి ప్యాంటు అంటుకుని నడుమ ఆగిపోయాడు. పైన హాసినితో పాటు పిల్లలు వరుస కట్టారు.

"ఏంది సారూ, ఆడ్నే ఆగిపోతివి? మా పలకల పొడి చల్లమంటావా?" అంది, పలకల ఫ్యాక్టరీలో పని ముగించుకుని నేరుగా మనవరాలితో వచ్చిన లక్ష్మీదేవమ్మ.

"రాపిడి ఎక్కువైందిలే అత్తా," అన్నాడు, అంచులు వదలకుండా.

"జరుగు నాయనా!" అంటూ హాసిని పైనుంచి జారొచ్చి వీపుకు గుద్దుకుంది. ఇద్దరూ ఇసుకలో పడ్డారు. అతను కంగారుగా ఆమె మోకాళ్లు తడుముతుంటే, విడిపించుకుని మెట్లవైపు పరిగెత్తుతూ హాసిని అంది:

"నువ్వు ఈడ్నే కూసో నాయనా. నీకు జారేది రాదు."