మావయ్యగారి సెలవు చీటీ

నిన్న పొద్దున్న ఫోన్ వచ్చేసరికి నేను తాడేపల్లిగూడెంలో మా చెల్లెలి ఇంట్లో కాఫీ తాగుతున్నాను.

"నాన్నగారు లేరు" అన్నారు మావారు.

అంతే. ఫోన్ పెట్టేశారు.

పదకొండేళ్ళుగా మావయ్యగారిని వదిలి ఒక్క రోజు ఊరు దాటలేదు నేను. చెల్లెలు మరీ మరీ పిలిచిందని ఒక్క పూటకి వెళ్ళాను. ఆ పూటే చూసుకుని వెళ్ళిపోయారు.

ఏలూరు వచ్చేదాకా బస్సులో ఏడుపు కూడా రాలేదు. నిజం చెప్తున్నాను, నాకు అలసట ఒక్కటే తెలిసింది.

మా మావయ్యగారు వీరాస్వామిగారు మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు.

వందకి రెండేళ్ళు తక్కువ. కొల్లేటి లంకలో, చేపలు పట్టుకుని బతికే ఇంట్లో పుట్టారు. 1930ల్లో ఆ ఊరి నుంచి ఏలూరు వచ్చి హైస్కూల్లో చేరిన మొదటి మనిషి ఆయనే.

సోమవారం చీకటితో పడవెక్కడం. వారమంతా ఎవరిదో వసారాలో వండుకు తినడం. శనివారం మళ్ళీ పడవ.

ఉన్నది ఒకటే ట్రంకు పెట్టె. అందులోనే పుస్తకాలు, అందులోనే వారానికి సరిపడా ఎండు చేపలు. బయట పెడితే పిల్లులు ఉంచవని వాళ్ళమ్మగారి ఏర్పాటు. ఆవిడకి బడి సంగతి తెలియదు, పిల్లుల సంగతి బాగా తెలుసు.

ఒకరోజు ఇన్‌స్పెక్టర్ గారు స్కూల్ చూడ్డానికి వచ్చారట. ఇంతమంది పిల్లలుండగా సరిగ్గా ఈయన నోట్‌బుక్కే చేతిలోకి తీసుకున్నారట. తెరిచారు. వెంటనే మూశారు. జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. "ఏంట్రా ఇది?" అని గట్టిగా అరిచారు.

ఈయన లేచి చేతులు కట్టుకుని "లెక్కలండీ" అన్నారట.

ఈ కథ నాకు ఎన్ని వందలసార్లు చెప్పారో. ప్రతిసారీ "లెక్కలండీ" దగ్గర నాకంటే ముందు ఆయనే నవ్వేవారు. ఈ మధ్య నేను నవ్వడం మానేశాను. ఆయన మాత్రం చెప్పడం మానలేదు.

చదువు పూర్తి కాలేదు. స్కూల్ ఫైనల్‌కి వచ్చాక వాళ్ళ నాన్నగారు పోయారు. తాడేపల్లిగూడెంలో రైసు మిల్లులో పనికి కుదిరి, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ అక్కడే చేశారు. ఎవరినీ పల్లెత్తు మాట అనడం నేను చూడలేదు.

ఆ స్కూల్లో ఏటా పాత విద్యార్థుల సభ జరుగుతుంది. అక్కడ ఒక పద్ధతి ఉంది. పాత హాజరు పట్టీలు తీసి క్లాసుల వారీగా పేర్లు పిలుస్తారు. వచ్చినవాళ్ళు లేచి "ప్రెజెంట్ సార్" అనాలి. ఒక క్లాసులో ఎవరూ రాకపోతే ఆ పేజీ చదవకుండా వదిలేస్తారు.

మావయ్యగారి క్లాసులో చాలా ఏళ్ళుగా మిగిలింది ఆయనొక్కరే.

"నేను వెళ్ళకపోతే మా పేజీ తిప్పేస్తారమ్మా. పాపం, మిగతావాళ్ళ పేర్లు కూడా ఎవరూ పిలవరు" అనేవారు.

ఆ ఒక్క మాట కోసం ప్రతి ఏడూ మాకు ఒక యాత్ర. ముందు రోజు క్షవరం. ఇస్త్రీ పంచె. వీల్‌చైర్ మడిచి ఆటోలో పెట్టడం, ఆయన్ని ఎక్కించడం, దింపడం, మధ్యలో బాత్రూమ్. ఆయన ఒక్కసారి "ప్రెజెంట్ సార్" అంటే నాకు వారం రోజులు నడుం నొప్పి.

పోయినేడు నా వల్ల కాలేదు. మావారికి అప్పుడే స్టెంట్ వేశారు. నా మోకాలు వాచి ఉంది.

"ఈసారి సభ ఎప్పుడమ్మా?" అని అడిగారు.

"ఈ ఏడు లేదటండీ మావయ్యగారూ. స్కూల్లో రిపేర్లు చేయిస్తున్నారట" అన్నాను.

అబద్ధం. సభ ఇంకో రెండు వారాల్లో ఉంది.

"అలాగా అమ్మా" అన్నారు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

ఏడాదంతా అది నన్ను తినేసింది. ఈసారి ఎలాగైనా తీసుకెళ్ళి, అప్పుడు నిజం చెప్పి, తప్పయిపోయిందని అడుగుదామనుకున్నాను. సభకి ఇంకా నెల ఉంది. ఆయన ఆగలేదు.

నిన్న సాయంత్రం తీసుకువెళ్ళే ముందు ఆ సభ సెక్రటరీ గారు వచ్చారు. దండ వేసి, నా దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"పోయినేడు కూడా వాళ్ళ పేజీ చదివామండీ" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "మేం రాలేదు కదండీ?"

"సెలవు చీటీ పంపారు కదండీ. చీటీ పెట్టినవారిని రానివాళ్ళ కింద ఎలా రాస్తామండీ?"

ఫోన్‌లో ఫొటో చూపించారు. ఆ వణికే అక్షరాలు మావయ్యగారివే. ఆహ్వానం కార్డు నేను ఇంట్లో లేనప్పుడు వచ్చి ఉంటుంది. జవాబు రాసి పోస్ట్‌మాన్ చేతికే ఇచ్చి ఉంటారు.

"అయ్యా, మా కోడలు నాకు చాకిరీ చేసి చాలా అలసిపోయి ఉన్నది. ఆమెకు విశ్రాంతి కావలెను. కనుక నాకు ఒక్కరోజు సెలవు ఇప్పించవలెనని ప్రార్థన. ఈ విషయం ఆమెతో అనవద్దు."

అన్నీ తెలిసే ఏడాదిపాటు నా చేతి అన్నం తిన్నారు. ఒక్కసారి కూడా నన్ను అడగలేదు.

అప్పుడొచ్చింది ఏడుపు. అందరి ముందూ.

మావయ్యగారూ, ఇక మీరు నా కోసం ఎవరినీ సెలవు అడగక్కర్లేదు. ఏ బెంగా లేకుండా ప్రశాంతంగా పడుకోండి.

నేనూ కాసేపు పడుకుంటానండీ.