జెయింట్ వీల్ కింద బావ

మా బావ ఏటా సెలవులకి ఆ ఒక్క పార్కుకే ఎందుకు వెళ్లేవాడు? నాకు చాన్నాళ్లు అంతుపట్టలేదు. ఆయన లిఫ్టు మెకానిక్కు. కొడుకులిద్దరికీ మీసాలొచ్చి, “ఇంక మేం రాం” అని మొండికేసిన ఏడు కూడా ఒక్కడే బయల్దేరాడు.

“అక్కడెవరో ఉన్నార్రా తమ్ముడూ, వెళ్లి కనిపెట్టు,” అంది అక్క.

చాటుగా వెంబడించాను. బావ జెయింట్ వీల్ కింద కళ్లు మూసుకుని నిలబడ్డాడు. గంటైనా ఎవరూ రాలేదు. ఉండబట్టలేక ఎదురుపడ్డాను.

“ఎవరికోసం బావా?”

“ఈ చక్రం బేరింగు మూలుగుతోందేమో వింటున్నా. పిల్లల్ని ఎక్కించేముందు ఏటా వింటాగా.”

“పిల్లలు రాలేదుగా!”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “మీ అక్క పంపిందా?”

అక్కకీ పిల్లలకీ కూడా కలిపి కొన్న నాలుగు జెయింట్ వీల్ టికెట్లు నా చేతిలో పెట్టి, వెళ్లొస్తానని కూడా అనకుండా గేటు దాటేశాడు.