సామి చూపు పడిన చోటు

ఎమ్మిగనూరులో భీమప్ప చేతిరాత చదవకుండా పెరిగిన మనిషి లేడు. విత్తనాల అంగళ్ల బోర్డులు, లారీల వెనక రాతలు, అన్నీ ఆయన కుంచెలోంచి వచ్చినవే. వాళ్ల నాయన మగ్గం నేసేవాడు. చీర అంచుల్లోని హంసల్ని చూసి చూసి, వాటిని బొగ్గుతో ఊరి గోడల మీద గీసి తన్నులు తిన్నాడు భీమప్ప. ఆయన చదివిన చిత్రకళ అంతే. ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పనిని ఊడ్చేశాక రెండేళ్లు ఊరికే కూర్చున్నాడు. అంతలో జనానికి ఇళ్లలోపల గోడల మీద కొండలు, జలపాతాలు, దేవుళ్లు కావాలనిపించింది. నాలుగు రోజులకొకసారి కుళాయి వచ్చే వీధుల్లో ఆయన ఇప్పటిదాకా పదకొండు జలపాతాలు దూకించాడు.

ఆదోనిలో బట్టల అంగడి శివశంకర్ కొత్త ఇల్లు కట్టుకుని ఆయన్ను పిలిపించాడు. ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు.

"సూడు భీమన్నా. ఈ కాలంలో ఇంట్లో నేచర్ ఉండల్ల, భక్తి ఉండల్ల. సోఫాకు ఎదురుగా గోడ నిండా యాపచెట్టు. దాని కింద ఆంజనేయస్వామి."

"యాపచెట్టు కిటికీ బయటనే ఉండె గదప్పా, పునాది అప్పుడు సూసినా."

"కారు పెట్టేదానికి కొట్టించినాం. అది దినామూ ఆకులు రాలుస్తాండె. నువ్వేసేది రాల్చదు గదా."

రాల్చదని భీమప్ప ఒప్పుకున్నాడు.

ఎనిమిది రోజులు పట్టింది. పగలు కారు అంగడికి పోయేది కాబట్టి, మధ్యాహ్నం ఆ నరికిన వేపమొద్దు మీదే కూర్చుని సద్ది తినేవాడు. నాలుగు వేళ్ల ఎత్తు కూడా లేని ఆ మొద్దు పక్కన ఎర్రటి చిగుర్లు రెండు లేస్తుండేవి. సాయంత్రం కారు టైరు వాటిని నలిపేది, పొద్దున కారు పోయాక అవి మళ్లీ లేచేవి. భీమప్ప వాటిని చూసి పోయి లోపల గోడ మీద చిగుర్లు దిద్దేవాడు.

దేవుడి బొమ్మకు ఆయన కళ్లు చివరనే పెడతాడు. తలకు పోసుకుని, ఒక్కపొద్దు ఉండి, దీపం ముట్టించి పెడతాడు. అంతవరకూ అది బొమ్మ. పెట్టినాక సామి. ఈ సంగతి ఇంటివాళ్లకూ తెలుసు. తెలిసి కూడా బొమ్మ గీయించేటప్పుడు మర్చిపోయారు.

"రేపు పొద్దున కళ్లు పెడతా," అని భీమప్ప చెప్పగానే శివశంకర్ భార్య ఉమాదేవి చేతులు జోడించింది. జోడించిన చేతులు దించకుండానే మొగుడికి చెప్పింది. "రేపటినుంచి ఈ హాల్లో మాంసం తెచ్చేది లేదు. శనివారం ఒక్కటే కాదు, ఏడు దినాలూ. టీవీ పైకి పోతాది. సామికి ఎదురుగా కాళ్లు సాపుకొని కూర్చునే ఆ సోఫా కూడా పోతాది. సాప ఏస్తా."

"నేను ఇంటీరియర్ చేపించినా గానీ గుడి కట్టించలేదే."

"సామిని డిజైన్ అనుకొని గీపించినావా?"

"అవు మల్ల. భీమన్నా, కళ్లు లేకుండా వదిలేస్తే ఏమైతాది? డిజైన్ మాదిరి ఉంటాది."

"కళ్లు లేని సామి ముందర నేను దీపం యాడ పెట్టేదన్నా?" అంది ఉమాదేవి.

ఇద్దరూ ఆయన్నే చూస్తున్నారు. చివరికి, మేం మాట్లాడుకుని ఫోన్ చేస్తామని చెప్పి పంపేశారు.

వారం గడిచింది. ఫోన్ రాలేదు. హాలహర్వి నుంచి ఒకాయన జలపాతం కోసం రెండుసార్లు మనిషిని పంపాడు. భీమప్ప కదల్లేదు. ఆయన భార్య సుంకమ్మ పక్కింటి మగ్గానికి నూలు కండెలు చుడుతూ అడిగింది.

"ఆదోని గోడకు కళ్లు లేకపోతే నీ చేతికేమైంది?"

"ముప్పై ఏండ్లలో యా సామినీ గుడ్డిగా వదిలేసి రాలేదే. అది ముగిచ్చకుండా ఇంకో గోడ మీద కుంచె పెడితే నిలిచేటట్టు లేదు."

"వాళ్ల తగాదా యేంది? సామి సూస్తాడనే గదా. అయితే ఇంకోపక్క సూడమను."

ఆమె కండె మార్చింది. భీమప్ప ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. తెల్లారి తలకు పోసుకుని, ఎవరూ పిలవకుండానే ఆదోని బస్సెక్కాడు.

శివశంకర్ హాల్లోనే ఉన్నాడు. గోడ మీద సామికి ఇంకా కళ్లు లేవు. అయినా ఎందుకైనా మంచిదని సోఫాలో కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు.

"సోఫాను సూడకుండా, టీవీని సూడకుండా కళ్లు పెడతా. సమ్మతమేనా?"

"పెట్టుకో," అన్నాడు శివశంకర్.

"సూపు పడనికాడ మీ ఇష్టం," అంది ఉమాదేవి.

దీపం వెలిగించి, ఆమెను సోఫాలో ఆ కొసా ఈ కొసా కూర్చోబెట్టి, మనిషి కూర్చోని దిక్కు వెతికాడు. ఎడమపక్క కిటికీ ఒక్కటే మిగిలింది. ఊపిరి బిగబట్టి రెండు చుక్కలు పెట్టాడు.

ఉమాదేవి హాలంతా నడిచి చూసింది. "ఈడికి పడలే. ఈడికీ పడలే." శివశంకర్ కాళ్లు చాపాడు. కొత్త ఇంట్లో ఆ సుఖం ఆయనకు ఇదే మొదటిసారి.

"మరి యాడ సూస్తాండాడు?" అంటూ ఆమె గోడకు ఆనుకుని, సామి చూపు వెంబడే కిటికీలోంచి బయటికి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత వంటింట్లోకి పోయి పసుపు కుంకుమ తెచ్చుకుంది.

"ఏమయ్యా, కారు తీ. సామి మొద్దును సూస్తాండాడు. చిగురేసింది పాపం, టైరు కింద పడి ఉంది."

భీమప్ప డబ్బాలు సర్దుకుని బయటికి వచ్చేసరికి మొద్దుకు పసుపు పూసి ఉంది. చిగుర్ల చుట్టూ నాలుగు రాళ్లు పేర్చి ఉన్నాయి. కారు ఎండలో, వీధిలో నిలబడి ఉంది.

"కొంచెం పైకి సూపించి ఉంటే ఏమైతాండె భీమన్నా?" అన్నాడు శివశంకర్ తాళాలు తిప్పుకుంటూ.

"పైన ఫాల్స్ సీలింగ్ గదప్పా. సామికి ఏం కనపడుతాది?"

బస్టాండులో భీమప్ప హాలహర్వి ఆయనకు ఫోన్ చేసి, రేపే వస్తున్నానని చెప్పాడు. ఎప్పుడూ ముందు గోడ కొలతలు అడిగేవాడు. ఈసారి మాత్రం, మీ కిటికీలోంచి ఏం కనపడుతాదప్పా, అని అడిగాడు.