అసలైనది కాదన్న బండి

పక్కింట్లో ఎవరైనా ఆముదం కాస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ ఘాటు నాకు ఖాదర్ బాషా రేసు బండి పొగది. పాత రేసు ఇంజన్లలో ఆముదం నూనే పోసేవారు. అనంతపురంలో ఆయన షెడ్డులో పద్నాలుగేళ్లు లేత్ మిషను మీద పనిచేశాను. ఐటీఐ చదివిన ఆడపిల్లకు ఇంకెవరూ పని ఇవ్వని రోజుల్లో ఆయన ఒక్కటే అడిగాడు. "మైక్రోమీటరు చదివేది వచ్చునా?" వచ్చన్నాను. "అయితే రేపట్నుంచి రా పాపా."

వయసులో ఉండగా ఆయన మద్రాసు దగ్గర రేసుల్లో తోలిన ఒంటి సిలిండరు ఇంగ్లండు మోటారు సైకిలు అది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. రేసులో విరిగిన ఫ్రేమును ఆయనే వెల్డింగు చేసుకున్నాడు. తర్వాతెప్పుడో ఇంజన్లో వాల్వులు ఆడే చిన్న గొట్టాలు, వాల్వు గైడ్లు, అరిగిపోతే కంచుతో నేను చేశాను. మొదటిదాన్ని ఆయన పక్కన పడేశాడు. "వేడి మీద కొలిచినావు. చల్లారనిచ్చి కొలువు." మూడోదాన్ని ఏమీ అనకుండా బిగించాడు. అంతకు మించిన మెప్పు ఆయన దగ్గర లేదు.

ఒకసారి బెంగళూరులో పాత రేసు బండ్ల ప్రదర్శన పోటీకి దాన్ని టెంపోలో తీసుకుపోయాం. జడ్జి వెల్డింగు మీద పెన్నుతో తట్టాడు. "ఇది కంపెనీది కాదే?"

"కాదు సార్. ఇరిగితే నేనే అతికిచ్చినా. లోపల మా పాప చేసినవీ ఉండాయి."

జడ్జి నవ్వి, అసలైనది కాదని రాసుకున్నాడు. బహుమతి పక్కనున్న బండికి పోయింది. ఖాదర్ బాషా దాని యజమానిని అడిగాడు. "ఒకసారి స్టార్ట్ చేయప్పా, విందాం."

"చేస్తే సైలెన్సరు రంగు మారుతుంది. ఇంజన్లో ఆయిలే పోయలేదు."

ఆ మాట చెప్పడానికి అతనికి సిగ్గే వేయలేదు. ఖాదర్ బాషా నన్ను పిలిచాడు. ఇద్దరం మా బండిని నాలుగడుగులు తోశామో లేదో ఇంజన్ అందుకుంది. మైదానమంతా తిరిగి చూసింది. వెంటనే నిర్వాహకుడొకడు వచ్చి, వేదిక మీద మాట్లాడుతున్నారు, ఆ మోత ఆపమన్నాడు. మోటారు సైకిళ్ల పోటీలో మోటారు సైకిలు మోత! ఖాదర్ బాషా ఆపేశాడు.

లేపాక్షి దారి దాటినాక టెంపోలో ఆయన అన్నాడు. "ఇరిగినదాన్ని ఇరిగినట్టే మూల పెట్టింటే అసలుది అయ్యేదేమో పాపా."

ఆయన పోయినాక కొడుకులు బండిని నాకిచ్చారు. పోయిన వారం నగరం నుంచి ఒకతను కొంటానని వచ్చాడు. మా చేతి సామానంతా తీసేసి, విదేశాల నుంచి తెప్పించి వేస్తాడట.

"తోలతారా సార్?" అన్నాను.

"తోలడమేమిటి? హాల్లో పెట్టుకోవడానికి."

అమ్మనని చెప్పి పంపేశాను. ఆదివారం నీళ్లు లేని చెరువులో నేనే తోలుతున్నాను. ఏదో ఒకటి అరుగుతుంటుంది. అరిగినదాన్ని చేసి బిగిస్తాను. ఎవరు చేశారని అడిగితే నేనేనని చెప్తాను. ఆయనంత తాపీగా చెప్పడం మాత్రం నాకు చేతకాలేదు.